ఎయిలెర్ట్ పేరు ఎవరికి

తేదాకు మగపిల్లాడు పుట్టాడని మంత్రసాని గడప దాటి వచ్చి చెప్పగానే ముసలాయన ఎయిలెర్ట్ కుర్చీలోంచి లేచాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే వాడు ఎయిలెర్ట్," అన్నాడు.

ఆ సమయానికి ఆయన పెద్దకోడలు ఆల్కే టీ పోస్తోంది. కప్పు అడుగున కలకండ ముక్క చిటపటలాడింది. కప్పు నిండింది, సాసరు నిండింది, బల్ల మీద పరిచిన గుడ్డ కూడా తడిసింది. ఆమె పోస్తూనే ఉంది.

"అమ్మాయ్, ఇక చాలు," అన్నాడు ముసలాయన. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు చూసేసరికి ఆల్కేకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన కొడుకు పుట్టినప్పుడు కూడా ఈయన ఇలాగే టోపీ తీశాడు. ఇదే మాట అన్నాడు. ఆ కొడుకు మొదటి వసంతం చూడకుండానే దగ్గుతో పోయాడు. చర్చి వెనక, గాలి తగలని మూల, చిన్న కర్ర శిలువ మీద ఎయిలెర్ట్ అన్న పేరు ఇంకా చెరగలేదు.

అది సముద్రపు కరకట్టకు ఇవతల, దిబ్బ మీద కట్టిన ఇల్లు. ఇల్లూ పశువుల కొట్టమూ గడ్డివామూ అన్నీ ఒకే కప్పు కింద. ఆ ఇంట్లో పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆచారం. ఎయిలెర్ట్ కొడుకు హార్మ్, హార్మ్ కొడుకు ఎయిలెర్ట్, మళ్లీ హార్మ్. అలా ఎన్ని తరాలో చెప్పాలంటే చర్చి నేలలో పరిచిన సమాధి రాళ్ల మీద నాచు గీకాలి. ముసలాయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హార్మ్, ఆల్కే భర్త. చిన్నవాడు ఓక్కో, తేదా భర్త. బిడ్డ పోయాక ఆల్కేకు వరసగా ఇద్దరు ఆడపిల్లలు. అయినా ఆ పేరు తన దగ్గర దాచిన వస్తువే అనుకుంది. మళ్లీ కొడుకు పుడితే మళ్లీ ఎయిలెర్ట్. చనిపోయిన బిడ్డ పేరు తరవాతి బిడ్డకు పెట్టుకోవడం ఆ ఊళ్లో ఎవరికీ కొత్త కాదు.

ఇప్పుడు నిన్న గాక మొన్న వచ్చిన తేదా, ఇసుక నేలల నుంచి వచ్చిన తేదా, పాలు పితికేటప్పుడు కూడా పాటలు పాడే తేదా, ఒక్క పూట నొప్పులు పడి ఆ పేరు పట్టుకుపోయింది.

"పోయిన మన బాబు పేరు కదా అది," అంది ఆల్కే ఆ సాయంత్రం, కొట్టంలో భర్త పక్కన కూర్చుని పాలు పితుకుతూ.

హార్మ్ ఆవు పొట్టకు నుదురు ఆనించి ఉన్నాడు. తల ఎత్తలేదు. "పేరే కదే. అరిగిపోతుందా? రేపు మనకు పుడితే మనమూ పెట్టుకుందాం."

"ఒకే ఇంట్లో ఇద్దరు ఎయిలెర్ట్‌లా? ఒకడు పెద్ద, ఒకడు చిన్న అని పిలుస్తారు. మన వాడు చిన్న ఎయిలెర్ట్ అవుతాడు, పెద్దకొడుక్కి పుట్టి కూడా."

"పుట్టనీ ముందు."

ఆ మాట ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో హార్మ్‌కు తెలియలేదు. అతను మంచివాడే, కానీ ఏ మాట ఎక్కడ తగులుతుందో చూసుకునే రకం కాదు.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? పక్క దిబ్బ మీది స్వాంత్యే, నోరు మూత పడని మనిషి, మజ్జిగ అడగడానికి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఏమే ఆల్కే, మీ మామగారి పేరు ఇల్లు మారిందట! పేరు ఎటు పోతే పొలం అటు పోతుందని మా ఆయన అంటున్నాడు. నేను కాదులే, మా ఆయన."

"మీ ఆయనకు మాటలు కూడా వచ్చా? ఇన్నేళ్లలో నువ్వు ఆయన్ని నోరు తెరవనివ్వడం నేను చూడలేదే," అంది ఆల్కే. స్వాంత్యే పడీపడీ నవ్వి, మజ్జిగ పట్టుకుని వెళ్లింది. ఆ మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

బాప్తిస్మానికి ముందు పాస్టరుగారు ఇంటికి వచ్చాడు. పుస్తకాల మనిషి. పాత పేర్లంటే ఆయనకు పిచ్చి. ముసలాయనకు ఆయన దొరికితే పండగే.

"ఎయిలెర్ట్ అంటే అసలేంటండీ? మా నాన్నను అడిగితే, మా తాత పేరు అన్నాడు. అంతకు మించి ఆయనకు తెలియదు," అన్నాడు ముసలాయన.

పాస్టరుగారు మూడో కప్పు మీద మీగడ వేసుకుంటూ నిదానంగా చెప్పాడు. "రెండు ముక్కలు కలిసిన పేరు అది. పూర్వం ఎగిల్‌హార్ట్ అనేవాళ్లు. జనం నోట్లో నాని నాని ఎయిలెర్ట్ అయింది. చివరి ముక్కకు గట్టిదనం అని అర్థం. దాంట్లో పేచీ లేదు. మొదటి ముక్క దగ్గరే పండితులు కొట్టుకుంటారు. కత్తి అంచు అని కొందరు, భయం అని కొందరు."

"కత్తి అంచే అయుంటుంది," అన్నాడు ముసలాయన వెంటనే. "మా ముత్తాతకు తాత, ఆ ఎయిలెర్ట్, కట్ట తెగిన రాత్రి తన గుర్రపు బండిని మట్టితో సహా గండిలోకి తోలేశాడట. ఊరు నిలిచింది. బండి ఇప్పటికీ కట్ట లోపలే ఉంది."

"గుర్రాలో?" అన్నాడు ఓక్కో.

"గుర్రాల సంగతి ఎవరూ చెప్పలేదురా."

అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వుతూనే అన్నాడు. "మరి చర్చిలో రెండో సమాధి రాయి కింద ఉన్న ఎయిలెర్ట్? ఊరికో నాయకుడు లేచి కొట్టుకున్న ఆ పాత కాలంలో మూడుసార్లు పక్షం మార్చి, మూడుసార్లూ గెలిచిన వైపే ఉన్నాడట కదా?"

"వాడి విషయంలో భయం అని అర్థం చెప్పుకోండి," అన్నాడు ముసలాయన. మళ్లీ నవ్వులు. తేదా లోపలి గదిలో మంచం మీద నుంచి కేక పెట్టింది. "మామయ్యా, నా కొడుక్కి బండి తోలినాయన పేరే పెడుతున్నాం, రెండో ఆయనది కాదు!"

ఆల్కే తలుపు వెనక నిలబడి అంతా వింది. కత్తి అంచు. అవును, అదే. తన ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒరలో ఉంది. ఇప్పుడు తన మీదికే తిరిగింది.

పాస్టరుగారు వెళ్లాక తేదా ఆమెను లోపలికి పిలిచింది. తేదా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బిడ్డ ఆమె చంక కింద పిడికిళ్లు బిగించి నిద్రపోతున్నాడు.

"అక్కా, ఒక మాట. బాలింతను, నేను చర్చికి రాలేను కదా. వీణ్ని నువ్వే ఎత్తుకుని పోవాలి. పేరు నువ్వే చెప్పాలి."

"మీ అమ్మ ఉందిగా."

"ఇక్కడ మా అమ్మ ఎవరు? ఈ ఇంటి పెద్దకోడలివి నువ్వు. నీకు కష్టంగా ఉంటుందని ఓక్కో అన్నాడు. నేనే, అక్క అలాంటిది కాదు అన్నాను." తేదా ఆగి, గొంతు తగ్గించింది. "నీ బాబు పేరు ఊరికే పోకుండా మళ్లీ ఇంట్లో తిరుగుతుంది అనుకో అక్కా."

ఆ పిల్ల మనసులో కల్మషం లేదు. అదే ఆల్కేకు భరించరాకుండా పోయింది. ఎగతాళి చేసి ఉంటే ఎదురు అనేది, ఏడ్చేది, కాస్త తేలికపడేది. ఈ మంచితనానికి ఏం బదులు చెప్పాలి? "సరే," అంది.

ఆదివారం చర్చిలో జనం నిండుగా ఉన్నారు. ముందు వరసలో ముసలాయన, రెండు పక్కలా కొడుకులు. ఆల్కే నల్లగౌను వేసుకుని, ఆ ఇంట్లో తరాలుగా వస్తున్న తెల్లటి లేసు గుడ్డలో బిడ్డను పట్టుకుని బాప్తిస్మపు రాతి తొట్టి దగ్గర నిలబడింది. బిడ్డ బరువుగా, వెచ్చగా ఉన్నాడు. తన వాడు ఇంత బరువు ఎన్నడూ తూగలేదు. ఇదే గుడ్డలో, ఇదే చోట వాణ్ని వేరే చేతులు పట్టుకున్నాయి. ఆ రోజు ఆమె కూడా ఇంట్లో బాలింతగా పడుకుని ఎదురుచూసింది.

"ఈ బిడ్డ పేరేమిటి?" అన్నాడు పాస్టరుగారు.

ఆమె ఎయిలెర్ట్ అనే చెప్పబోయింది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో బిడ్డ కళ్లు తెరిచి, ఈ లోకమంతా తనదే అన్నట్టు ఆవలించాడు.

"రైనెర్ట్," అంది ఆల్కే.

పాస్టరుగారి చెయ్యి నీళ్ల మీద ఆగిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కుటుంబం మనసు మార్చుకుందేమో అనుకున్నట్టున్నాడు. "ఏ పేరు?" అని మళ్లీ అడిగాడు.

దిద్దుకోవడానికి దేవుడిచ్చిన ఘడియ అది. ఆల్కేకు ఆ సంగతి తెలుసు. వెనక ఎవరో దగ్గారు.

"రైనెర్ట్," అంది, ఈసారి గట్టిగా.

బిడ్డ తల మీద నీళ్లు పడ్డాయి. ఓక్కో సగం లేచి నిలబడ్డాడు. చెవులు సరిగా వినపడని ముసలాయన పెద్దకొడుకు వైపు వంగి, "ఏమంది? ఏమంది?" అని అడుగుతూనే ఉన్నాడు. హార్మ్ తల వంచుకున్నాడు. తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లే దారిలో ఆల్కే బిడ్డతో అందరికంటే ముందు నడిచింది. పచ్చికలో గొర్రెలు పక్కకు తప్పుకున్నాయి. గడప దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి తేదా గొంతు వినపడింది. "వచ్చాడా నా ఎయిలెర్ట్? చలేసిందా నాన్నా? ఏడ్చాడా అక్కా?"

ఆల్కే బిడ్డను ఆమె పక్కన పడుకోబెట్టింది. చెప్పడం ఓక్కో వంతయింది.

తేదా కాసేపు అర్థం కానట్టే చూసింది. తరవాత ఆల్కే వైపు తిరిగింది. "ఎందుకక్కా?"

"నోరు జారింది."

"జారిందా?" తేదా లేచి కూర్చుంది. "ఎయిలెర్ట్ జారి రైనెర్ట్ అయిందా? ఒకసారి జారితే సరే అనుకుందును. ఆయన మళ్లీ అడిగితే మళ్లీ అక్కడే జారిందా? ఎంత నున్నగా ఉంది అక్కా నీ నాలుక!"

"తేదా, పడుకో," అన్నాడు ఓక్కో.

"నువ్వు నోరు మూసుకో. చర్చిలో మూసుకున్నావుగా, ఇక్కడా మూసుకో." ఆమె ఏడవలేదు. బిడ్డను దగ్గరికి తీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆల్కేకు ఆ క్షణంలో సిగ్గేసింది. భయం కూడా వేసింది. వాటి అడుగున మాత్రం ఒక చిన్న తృప్తి, వేడి వేడిగా, కదలకుండా కూర్చుని ఉంది. పేరు ఇంకా ఎవరిదీ కాలేదు.

ముసలాయన మర్నాడే పాస్టరుగారి దగ్గరికి పోయాడు. పడిన నీళ్లు వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయన చెప్పాడు. ముసలాయన చాలాసేపు కూర్చుని, చివరికి అడిగాడట. "సరే, రైనెర్ట్ అంటే ఏంటి?"

"అదీ రెండు ముక్కలే. ముందుది ఆలోచన, సలహా. చివరిది గట్టిదనం. ఆలోచనలో గట్టివాడు అని."

"చివరి ముక్క నాదీ అదేగా?"

"అదే."

ముసలాయన ఇంటికి వచ్చి, తిన్నగా తేదా మంచం దగ్గరికి వెళ్లి, ఆ పెద్ద చేతులతో బిడ్డను ఎత్తుకున్నాడు. "వీడిలో సగం నేను ఉన్నానమ్మా. మిగతా సగం ఆలోచనట. అది ఈ ఇంట్లో ఎవరికీ లేదు. వీడికైనా ఉండనీ," అన్నాడు. అని ఆల్కే వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ చలికాలమంతా ఒకే కప్పు కింద ఇద్దరు తోడికోడళ్లు రెండు ఊళ్లవాళ్లలా బతికారు. తేదా తన వెన్న తనే చిలుక్కునేది. తన టీ తనే కాచుకునేది. హార్మ్ భార్యతో పశువుల సంగతి మాట్లాడేవాడు, వాతావరణం సంగతి మాట్లాడేవాడు, అంతకు మించి ఏమీ మాట్లాడేవాడు కాదు. వసంతంలో ఓక్కో, సముద్రం నుంచి కొత్తగా కట్ట కట్టి తీసిన నేలలో కౌలు తీసుకుని, భార్యాబిడ్డలతో వెళ్లిపోయాడు. బండి కదిలేటప్పుడు ముసలాయన మనవణ్ని ఎంతకీ వదల్లేదు. ఆల్కే కిటికీలోంచి చూసింది. తన కూతుళ్లను ఆయన ఎప్పుడైనా అలా పట్టుకున్నాడా అని గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

అప్పటికే ఆమె కడుపుతో ఉంది. శరదృతువులో కొడుకు పుట్టాడు. ముసలాయన వచ్చి చూశాడు. టోపీ తీశాడు. ఏ మాటా అనలేదు.

"మామయ్యా," అంది ఆల్కే, "పేరు..."

"పేరు నీ ఇష్టమమ్మా. ఎవరూ అడ్డం లేరుగా." ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "ఎత్తుకునేది మాత్రం తేదా. కబురు పంపాను."

ఆల్కే మోచేతి మీద లేచింది. "తేదానా? వద్దు మామయ్యా. ఏం చెబుతుందో ఏమో!"

"ఏం చెప్పినా అదే పేరు. నీళ్లు వెనక్కి తీసుకోరట, పాస్టరుగారు చెప్పాడు," అన్నాడు ఆయన. అంతే, లేచి వెళ్లిపోయాడు.

స్వాంత్యే బాలింతను చూడటానికి వచ్చి ఉన్న భయాన్ని రెట్టింపు చేసింది. "తేదా ఏ పేరు చెబుతుందో అని ఊళ్లో మగాళ్లంతా పందేలు కడుతున్నారే! కొందరు క్రీస్తును పట్టిచ్చిన జూడాస్ పేరు అంటున్నారు. మా ఆయనైతే వాళ్ల పందిపోతు పేరు అంటున్నాడు."

"మీ ఆయన్ని కాస్త మాట్లాడటం తగ్గించమను," అంది ఆల్కే. కానీ గొంతులో పస లేదు.

ఆదివారం తేదా వచ్చింది. కొత్త నేలల బురద మోకాళ్ల దాకా అంటింది. ఎండకు ముఖం నల్లబడింది. చంకలో రైనెర్ట్, బొద్దుగా, రెండు పళ్లతో నవ్వుతూ ఉన్నాడు. వాణ్ని మామగారి చేతికిచ్చి, ఆల్కే మంచం దగ్గరికి వచ్చి చేతులు చాచింది. "ఇవ్వు," అంది.

ఆల్కే బిడ్డను వెంటనే ఇవ్వలేదు. బతిమాలుకోవాలి అనుకుంది. చివరికి చేతులు వాటంతట అవే వదిలాయి.

చర్చి గంట మోగింది, ఆగింది. ఆల్కే పైకప్పు దూలాలు చూస్తూ పడుకుంది. తేదా ఇలాగే పడుకుని, ఇదే గంట వింటూ, ఏ అనుమానమూ లేకుండా ఎదురుచూసిందన్న సంగతి ఆమెకు అప్పుడు మొదటిసారి తట్టింది. అప్పుడా పిల్లకు ఈ భయం కూడా లేదు. నవ్వుకుంటూ ఎదురుచూసి ఉంటుంది.

బయట మాటలు వినపడ్డాయి. తలుపు తెరుచుకుంది. తేదా బిడ్డను ఆమె గుండెల మీద పెట్టి, శాలువా విప్పుకుంటూ అంది. "ఇదిగో నీ ఎయిలెర్ట్."

ఆల్కే తల ఎత్తి చూసింది. "నిజంగానా?"

"నమ్మకం లేకపోతే మీ ఆయన్ని అడుగు. ఒక్కసారే చెప్పాను. రెండోసారి అడగాల్సిన పని పడలేదు."

"ఎందుకు చెప్పావే? నేను నీకు చేసినదానికి..."

"నీ కోసం కాదు." తేదా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ పేరు నా కడుపులో బిడ్డతో పాటే పెరిగింది అక్కా. పాలు ఇస్తూ అదే పిలవబోయేదాన్ని, నాలుక కరుచుకునేదాన్ని. ఇన్నాళ్లూ నోట్లో పెట్టుకుని తిరిగాను. ఎక్కడో ఒకచోట దించుకోవాలిగా."

పక్కగదిలో ముసలాయన టీలో ముంచిన రొట్టె ముక్క రైనెర్ట్‌కు తినిపిస్తున్నాడు. వాడు కేరింతలు కొడుతున్నాడు. ఆయన వాడికి, కట్ట గండిలోకి బండి తోలిన ఎయిలెర్ట్ కథ చెబుతున్నాడు. గుర్రాలు ఈత కొట్టి ఒడ్డుకు చేరాయని ఈసారి కొత్తగా కలిపాడు.

ఆల్కే వింటోంది. ఆమె గుండెల మీద ఎయిలెర్ట్ ఉన్నాడు. పేరుంది, కొడుకున్నాడు. అయినా ఆ కేరింతలు విన్నకొద్దీ లోపల ఏదో గీరుకుంటూనే ఉంది. అది ఇక పోదేమో అనిపించింది.

"అక్కా," అంది తేదా, "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు ఆ పేరే ఎందుకు వచ్చింది? రైనెర్ట్ ఎవరు?"

"నిజంగా తెలియదే. అనుకుని వెళ్లింది కాదు." ఆల్కే ఆలోచించింది. "మా పుట్టింటి పక్కన గుర్రాలకు లాడాలు కొట్టే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన పేరు అది. మా అమ్మ కొడితే వెళ్లి ఆయన కొలిమి దగ్గర కూర్చునేదాన్ని. వెచ్చగా ఉండేది. ఏమీ అడిగేవాడు కాదు. యాపిల్ కాల్చి ఇచ్చేవాడు."

"మంచివాడేనా?"

"మంచివాడే. నేను ఎరిగినవాళ్లలో ఆయనంత మంచివాడు లేడు."

తేదా ఒళ్లోని శాలువా మడత పెట్టి మళ్లీ విప్పింది. తరవాత లేచి శాలువా కప్పుకుంది. "అలాగైతే సరే," అంది. "వాడు పెద్దయ్యాక అడుగుతాడు కదా. ఏం చెప్పాలో తెలియక చస్తున్నాను."

ఆమె పక్కగదిలోకి వెళ్లింది. ముసలాయన ఇంకాస్త ఉండమని బతిమాలడం, చీకటి పడేలోగా కొత్త కట్ట చేరాలని ఆమె అనడం, రైనెర్ట్ తాత మీసం వదలనని పేచీ పెట్టడం ఆల్కేకు వినపడ్డాయి. బాలింత లేవకూడదు. అయినా లేచి, గోడ పట్టుకుని కిటికీ దాకా వెళ్లింది. తేదా రైనెర్ట్‌ను ఎత్తుకుని కట్ట మీద ఒక్కతే పోతోంది. భుజం మీద నుంచి ఆ పిల్లాడు వెనక్కి చూస్తున్నాడు.